తట్టి చూడని చక్రం

నేను ఒక కారును. ఇంతవరకు చెప్పి ఆగిపోయాను, ఎందుకంటే ఆ మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. నా తలుపులు ఒక ఊరు వెళ్లాయి, నా దీపాలు ఇంకో ఊరు వెళ్లాయి, నా ఇంజను ఏ ఊరు వెళ్లిందో నాకే తెలియదు. మిగిలిన ఒక్క చక్రంలో ఒదిగి కూర్చుని ఈ కథ చెబుతున్నాను. ప్రాణం ఒంట్లో ఎక్కడుంటుందో మనుషులే ఇంకా తేల్చుకోలేదట. నా ప్రాణం చక్రంలో ఉందంటే కాదనేది ఎవరు?

ఒక కేసులో అందరి చేతా ప్రమాణం చేయించారు, నా చేత తప్ప. అందుకని నా అంతట నేనే చేస్తున్నాను: అయోమయంగా చెబుతానేమో గాని, అబద్ధం చెప్పను.

నేను దక్షిణాన ఒక పెద్ద కర్మాగారంలో పుట్టాను. ఉక్కు చేతులు నన్ను ఎత్తాయి, దించాయి, తిప్పాయి, అతికించాయి. ఆ యంత్రాల వరుస చివర ఒకే ఒక్క మనిషి, నీలం చొక్కా వాడు, చిన్న సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా ఒక్కొక్క బోల్టునూ తట్టాడు. చెవి ఒగ్గి మోత విన్నాడు. తల ఊపాడు. నా గురించి తట్టి తెలుసుకున్న మొదటి మనిషి అతనే. రెండో మనిషి వచ్చేనాటికి పదేళ్లు పట్టింది. ఆ రెండోవాడి తట్టుతోనే నా బతుకు తలకిందులైంది.

మొదట నన్ను కొన్నది విశాఖపట్నంలో ఒక బ్యాంకు అధికారి. దుమ్ము పడుతుందని నా మీద గుడ్డ కప్పేవాడు. గుడ్డ మీద దుమ్ము పడుతుందని దాన్ని ఉతికించేవాడు. నన్ను మాత్రం నడిపేవాడు కాదు. ఆదివారం ఒకసారి స్టార్టు చేసి, కూర్చుని, పేపరు చదువుకుని దిగిపోయేవాడు. మనుషులు వస్తువును ప్రేమించడమంటే ఇదే కాబోలు అనుకున్నాను. అయిదేళ్ల తర్వాత, పెద్దగా తిరగని బండి అని మెచ్చుకుంటూ నన్ను అమ్మేశాడు.

రెండో యజమానురాలు దాకారపు నూకరత్నం. చింతపల్లి ఏజెన్సీలో ముప్పై మూడేళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. టీకాల పెట్టె భుజాన వేసుకుని, వాగులు దాటి, గుట్టలెక్కి, ఊరూరా తిరిగిన కాళ్లు ఆమెవి. ఆ కాళ్లు చివరికి మొరాయించాయి.

"ఇన్నాళ్లూ కొండలెక్కింది నేను. ఇక నువ్వెక్కు," అని నా బానెట్ మీద పసుపు రాసి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆ కాయలు నలిగిన చప్పుడుతో నేను ట్యాక్సీనయ్యాను. పొద్దున్నే లంబసింగి మంచు చూడ్డానికి వచ్చేవాళ్లను ఎక్కించుకునేదాన్ని. కడుపుతో ఉన్న ఆడవాళ్లను నర్సీపట్నం ఆస్పత్రికి దించేదాన్ని. మొదటి రకం వాళ్లు ఫొటోలు దిగేవారు. రెండో రకం వాళ్లు నా సీటు అంచును పళ్లబిగువున పట్టుకునేవారు. ఇద్దరూ దిగాక తలుపు గట్టిగానే వేసేవారు.

నన్ను నడిపేవాడు సీదరి బాలన్న. నూకరత్నం చేతుల మీదే పుట్టినవాడు. ఏజెన్సీ అంతా పిలిచినట్టే అతడూ ఆమెను సిస్టరమ్మా అనే పిలిచేవాడు. నాతో మాట్లాడే అలవాటు బాలన్నకు ఉండేది. మలుపు తిరిగేటప్పుడు "మెల్లగే తల్లీ," అనేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు "ఇంకొక్క అడుగే," అనేవాడు. నాకు అడుగులు లేవని అతనికి ఎవరూ చెప్పలేదు.

నూకరత్నానికి ఒక పిచ్చి ఉండేది. పిచ్చి అన్నది నేను కాదు, మెకానిక్ ఖాసిం. ఘాట్ దిగగానే రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. మొదటిసారి నన్ను అక్కడికి తీసుకెళ్లిన రోజున ఆమె తెల్ల రంగు డబ్బా, సన్నని కుంచె అతని చేతిలో పెట్టింది.

"బానెట్ లోపలి వైపు రాయి. తేదీ, టైము, ఏం బాధ, ఎందుకొచ్చింది, ఏం చెయ్యాలి. వరసగా రాయి."

"ఇదేటి సిస్టరమ్మా! బండికి జాతకమా?"

"కేసు షీటురా. మంచం కాళ్ల దగ్గర కేసు షీటు లేని రోగిని డాక్టరు కూడా ముట్టడు. బయట రాస్తే వాన కడిగేస్తుంది. లోపల రాయి."

"కారణం తెలకపోతేనో?"

"తెలీదని రాయి. తెలీనిది తెలీదని రాయడం సిగ్గు కాదు. తెలిసినట్టు రాస్తే రోగి పోతాడు."

ఖాసిం నవ్వుకుంటూనే రాశాడు. ఏడాదికి అది అతని అలవాటైంది. నా బానెట్ లోపల తెల్లటి అక్షరాలు వరసలు కట్టాయి. నా రోగాలన్నీ నా నుదుటి వెనక రాసి ఉన్న బండిని నేను.

ఇక ఘాట్ డ్రైవర్ల ఆచారం ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథ తెలియదు.

ఆ దారిలో ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. పంక్చరైతే పిలుపు అందే దూరంలో మనిషి ఉండడు. అందుకని ఎదురొచ్చే డ్రైవరు ఎవరైనా సరే ఆగాలి. అడిగినవాడికి తన స్టెప్నీ, అంటే డిక్కీలో ఉంచుకున్న అదనపు చక్రం, ఇచ్చేయాలి. ఊరూ పేరూ అడగకూడదు. ఒకటి రెండు రోజుల్లో అది తిరిగొస్తుంది. తిరిగొచ్చేలా ప్రతివాడూ తన టైరు మీద గుర్తు రాసుకుంటాడు; బాలన్న తన టైర్లన్నిటి మీదా ఎర్రరంగుతో గుండ్రంగా చుక్క పెట్టుకున్నాడు. ఇంకొక్క నియమం ఉంది. తిరిగొచ్చిన స్టెప్నీని తెచ్చినవాడి ఎదుట తట్టి చూడకూడదు. గాలి ఉందా, చీలిందా అని వేలితో కొట్టి చూస్తే నిన్ను నమ్మలేదని మొహాన చెప్పినట్టే. అలా తట్టిన డ్రైవరుకు ఘాట్‌లో ఇంకెవడూ ఆగడు. లోయ అంచున బతికేవాళ్ల మధ్య నమ్మకం కూడా రోడ్డు అంచున పాతిన గార్డు రాయి లాంటిదే.

ఈ నియమాన్ని ఎవడో బయటివాడు గమనించాడు. చట్టం చదివినవాళ్లకు కనిపించని సందు వాడికి కనిపించింది.

వాడు తన పేరు జోగారావు అని చెప్పాడు. అది వాడి పేరు అవునో కాదో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం లంబసింగి పైన బండి ఆపి చెయ్యెత్తాడు. బాలన్న ఆగాడు, స్టెప్నీ ఇచ్చాడు. మర్నాడు ఉదయం చింతపల్లి స్టాండులోనే వాడు చక్రం తెచ్చాడు.

"మీరు దిగకండన్నా. నేనే పెడతాను," అని డిక్కీ తెరిచాడు.

నా ఒంట్లోకి ఆ చక్రం దిగినప్పుడే నాకు తెలిసింది. పోయింది నా చక్రమే, వచ్చింది నా చక్రమే. అదే ఎర్ర చుక్క. కాని దాని కడుపు నిండి ఉంది. గుంటలో సరిగా కూర్చోలేదు. నడుమ బోల్టు రెండు చుట్లే తిరిగి ఆగిపోయింది. జోగారావు పైన చాప కప్పి, డిక్కీ మూసి, కిటికీ దగ్గరికొచ్చాడు.

"అన్నా, కింద నర్సీపట్నం దారిలో మా బావమరిది బండి కూడా పంక్చరై ఉంది. ఎర్రచొక్కా వేసుకుని రోడ్డు మీదే ఉంటాడు. మీ స్టెప్నీ ఇచ్చి పుణ్యం కట్టుకోండన్నా."

"అదెంత మాట. ఇస్తాను."

అంతే మాట్లాడుకున్నారు. ఆ నాలుగు మాటలూ తర్వాత ఎంత బరువెక్కాయో!

ఆ రోజు బాలన్న ఖాళీ బండితో దిగుతున్నాడు. ముందురోజు ఒక గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్లిన నూకరత్నం అక్కడే ఉండిపోయింది. ప్రసవమైంది. తల్లినీ బిడ్డనూ, తననూ తీసుకెళ్లమని కబురు పంపింది. మొదటి మలుపులోనే నా వెనక నుంచి శబ్దం వచ్చింది. దబ్. రెండో మలుపులో దబ్. వదులు బోల్టు మీద నిండు చక్రం పొర్లుతోంది.

"ఏటే, నడుం నొప్పా?" అన్నాడు బాలన్న.

కాదని చెప్పాలనుకున్నాను. నాకున్న నోరు హారన్ ఒక్కటే. దాన్ని కూడా ఇంకొకరు నొక్కాలి.

"పాపం, ముసిల్దానివవుతున్నావు. ఖాసింకి చూపిస్తానులే."

చూపించాడు కూడా. ఘాట్ దిగి ఖాసిం షెడ్డు ముందు ఆపాడు. ఖాసిం ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లే కనిపిస్తున్నాయి.

"ఖాసిం బావా, వెనక దబ్ దబ్ మంటంది. ఒకసారి డిక్కీ విప్పి సూడు."

"ఇంజను దించీసినాను బావా, సేతులు ఖాళీ నేవు. మజ్జానం తే."

"సిస్టరమ్మ బిడ్డనేసుకుని వస్తాది. కుదుపు తగిలితే నన్ను తిడతాది."

"మెల్లగా పో. షాకబ్జర్ బుష్ పోయుంటాది. ఆగు, రాసీసి పో. నేదంటే ఆవిడ నన్నూ తిడతాది."

జీపు కింద నుంచి పాక్కుంటూ వచ్చి, బానెట్ ఎత్తి, కుంచెతో రెండు వరసలు రాశాడు. మూశాడు. మళ్లీ జీపు కిందకి దూరాడు. ఇదంతా ఊపిరి బిగబట్టినంత సేపట్లో జరిగింది.

ఇంకొంచెం దిగువన తనిఖీ కేంద్రం. ముందున్న వ్యాను దాటాక మా వంతు వచ్చింది. బాలన్న డిక్కీ తానే తెరిచాడు. పెద్దవయసు హెడ్ కానిస్టేబులు చాప తీసి, లాఠీ కొనతో చక్రాన్ని ఒకసారి తట్టాడు.

గాలి ఉన్న చక్రం టంగుమంటుంది. నా చక్రం మూగగా మూలిగింది.

ఆయన బాలన్న వైపు చూడలేదు. ఇంకోసారి తట్టాడు. నా పుట్టుకలో నీలం చొక్కావాడు చేసినట్టే చెవి ఒగ్గి విన్నాడు. అప్పుడు తల ఊపలేదు. తల తిప్పి ఎస్సైని పిలిచాడు.

టైరు విప్పారు. గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు బయటపడ్డాయి. తూచారు, తొమ్మిది కిలోల గంజాయి. బాలన్న ఆ పొట్లాల వైపు, తన ఎర్ర చుక్క వైపు, మళ్లీ పొట్లాల వైపు చూశాడు. అంత వెర్రిగా చూసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"ఈ టైరు ఎవరిది?"

"నాదేనండి. కాని అది నాది కాదండి."

"గుర్తు ఎవరు పెట్టారు?"

"నేనేనండి."

"ఎవరికివ్వడానికి తీసుకెళ్తున్నావు?"

బాలన్న ఎర్రచొక్కా మనిషి సంగతి చెప్పాడు. దాచాలని అతనికి తోచలేదు. అది కాగితం మీదికి ఎక్కేసరికి ‘సదరు మాదకద్రవ్యమును దిగువ ప్రాంతమందు ఒక వ్యక్తికి అందజేయుటకు ముద్దాయి అంగీకరించినాడు’ అయింది. మాటలు అతనివే, అర్థం అతనిది కాదు. నా చక్రం కూడా అలాంటిదే కదా అనిపించింది. తనదే, లోపలిది తనది కాదు.

ఎర్రచొక్కా కోసం ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లారు. ఆ దారిలో ఎర్రచొక్కా కాదు కదా, పంక్చరైన సైకిలు కూడా కనిపించలేదు. ఈలోగా నా ఇంజను నంబరు కోసం బానెట్ ఎత్తారు. తలలు వంచి నంబరు రాసుకున్నారు. అందరూ కిందకే చూశారు. పైకి ఒక్కరూ చూడలేదు. తర్వాత తలుపులకూ బానెట్‌కూ చీటీలు అంటించి, సాక్షులుగా నిలిచిన పంచుల సంతకాలు పెట్టించి, లక్క ముద్ర వేశారు.

అప్పటినుంచి నా పేరు ముద్దెమాల్. అంటే కేసులో పట్టుబడ్డ సొత్తు. బాలన్న పేరు ముద్దాయి. పట్టుబడేదాకా అతడు నాతో మాట్లాడేవాడు. పట్టుబడ్డాక మా ఇద్దరి గురించీ వేరేవాళ్లు మాట్లాడుకున్నారు.

నాలుగు నెలలు జైల్లో ఉన్నాక బాలన్నకు బెయిలు వచ్చింది. నాకు రాలేదు. నూకరత్నం నన్ను విడిపించమని వేసిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. స్టేషను వెనక సర్కారు తుమ్మల మధ్య నిలబడ్డాను. నా పక్కన ఒక లారీ, మూడు ఆటోలు, ఒక పెళ్లి కారు. ఆ కారుకు ఎండిన పూలదండ ఇంకా వేలాడుతూనే ఉంది. మేమంతా ఏం చేశామో మాలో ఎవరికీ తెలియదు. ఒక వాన వెళ్లింది, ఇంకో వాన వచ్చింది. ఎలుకలు నా సీట్లలో సంసారం పెట్టాయి. తుమ్మ మొక్క ఒకటి నా కింద మొలిచి, ఎటు పెరగాలో తెలియక, నా చక్రాల మధ్య నుంచి వంగి పైకొచ్చింది.

విచారణ మొదలయ్యాక నన్ను కోర్టు ఆవరణకు ఈడ్చుకొచ్చి వరండా పక్కన నిలబెట్టారు. లోపల ఫ్యాను పనిచేయదు, కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండేది. అందుకే నాకు అంతా వినిపించింది.

బాలన్న తరపున వాదించింది మళ్ల కాత్యాయని. చిన్న వయసు. నల్లకోటు మీద ఘాట్ దుమ్ముతోనే కోర్టుకు వచ్చేది. ఒక పూట విరామంలో, వరండా మెట్ల మీద, నా ముందు చక్రం పక్కన, నూకరత్నంతో కూర్చుంది.

"మన బండిలో దొరికితే మనకు తెలిసే ఉందని అనుకుంటుందమ్మా ఈ చట్టం. తెలియదని చూపించాల్సింది మనమే. కాస్తో కూస్తో చూపిస్తే చాలదు. ఏ అనుమానమూ మిగలకూడదు."

"తెలిసిందైతే చూపించొచ్చు తల్లీ. తెలియకపోవడాన్ని ఎలా చూపిస్తాం? అది ఎక్కడుంటుంది?"

"అదేనమ్మా కష్టం. పదేళ్ల దాకా పడొచ్చు."

నూకరత్నం తన అరచేతిని చూసుకుంది.

"వాడు పుట్టినప్పుడు కూడా ఇంతే. ఏడవలేదు. అరికాలి మీద తడితే అప్పుడేడ్చాడు," అంది. ఆ తర్వాత ఆమెకు అనుమానం వచ్చింది. "బండి నాది కదా. మరి నన్ను పట్టుకోలేదేం?"

"మీరు బండిలో లేరు. కాని బండి వెనక్కి రావాలంటే మీరూ చూపించాలి. మీకు తెలియదని, జాగ్రత్త తీసుకున్నారని. లేకపోతే బండి సర్కారుదవుతుంది."

నాకు తల తిరిగింది. బాలన్నకు తెలియదు, అయినా తెలిసినట్టు. నూకరత్నానికి తెలియదు, తెలియనట్టు చూపించాలి. జోగారావుకు తెలుసు, వాడు లేనేలేడు. అందరికన్నా ముందు, అందరికన్నా బాగా తెలిసింది నాకు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ముద్దాయి నోరు విప్పకుండా ఉండవచ్చట. అది అతని హక్కట. కాత్యాయని ఆ మాట రెండుసార్లు చెప్పింది.

"నోరు లేనిది బండికమ్మా. నాకుంది కదా," అని బాలన్న బోనెక్కాడు.

ప్రభుత్వ న్యాయవాది నెమ్మదైన మనిషి. గొంతు పెంచకుండా అడిగాడు.

"తిరిగొచ్చిన టైరును తట్టి చూశావా?"

"లేదండి. తట్టకూడదండి."

"ఎందుకు?"

"అవమానం కదండి."

"ఎవరికి? గంజాయికా?"

లోపల నవ్వులు వినిపించాయి. బాలన్న నవ్వాడో లేదో కిటికీలోంచి కనిపించలేదు.

"దారిలో వెనక నుంచి శబ్దం వినిపించిందా?"

కాత్యాయని కాగితాల చప్పుడు ఆగిపోయింది. వినిపించలేదంటే సరిపోయేది. విన్నవాళ్లం ఇద్దరమే, నేనూ అతనూ. నేను చెప్పలేను.

"వినిపించిందండి. దబ్ దబ్ మని. బండికి నడుం నొప్పనుకున్నాను. ఖాసింకి చూపించాను."

ఖాసింని పిలిచారు. అతడు తల గోక్కున్నాడు.

"బాలన్న దబ్ దబ్ మంటందని వచ్చినాడండి. నిజమే. కాని ఏ రోజో ఎలా సెప్పను? రోజుకి ఇరవై బండ్లొస్తాయి. మూడేళ్లైంది. ప్రమాణం సేసినాను కదా, తేదీ అబద్ధం ఆడలేను."

ఒకరి తర్వాత ఒకరు నిజం చెబుతున్నారు. ఒక్కొక్క నిజానికీ బాలన్న ఇంకొంచెం కూరుకుపోతున్నాడు.

కాత్యాయని బయటికొచ్చి గోడకు చేరగిలబడింది. "ఆ రోజు, ఆ పూటే మెకానిక్‌ను డిక్కీ విప్పమన్నాడని చూపించగలిగితే! లోపల గంజాయి ఉందని తెలిసినవాడు డిక్కీ విప్పమంటాడా? కాని తేదీ ఎక్కడ తేను?"

నూకరత్నం ఆమెను వింతగా చూసింది.

"కేసు షీటులో ఉంటుంది కదా."

"ఏ కేసు షీటు?"

"బండిది. బానెట్ లోపల. ఖాసిం రాయకుండా బండిని వదలడు."

"అమ్మా! మూడేళ్లుగా ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"పోలీసులు చూసే ఉంటారనుకున్నాను తల్లీ. రోగిని చేర్చుకోగానే మొదట చూసేది అదే కదా!"

ముప్పై మూడేళ్లు ఆస్పత్రిలో పనిచేసిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది. కాగితం రాసి ఉంటే చాలు, ఎవరో ఒకరు చదువుతారని ఆమె నమ్మకం. ఖాసింకీ బాలన్నకూ అయితే ఆ రాత ఆమె ముచ్చటే గాని, కోర్టుకు పనికొచ్చే సాక్ష్యమని తోచనే లేదు.

బానెట్ తెరిపించమని కాత్యాయని కోర్టును అడిగితే, ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెప్పాడు: తర్వాత ఎవరైనా రాసి ఉండవచ్చు కదా. అప్పుడు ఎస్సైని మళ్లీ పిలిచారు. పట్టుకున్న రోజు నుంచి లక్క ముద్ర చెక్కుచెదరలేదని, బానెట్ ఎవరూ తెరవలేదని ఆయనే చెప్పాడు. జడ్జిగారు కుర్చీ లోంచి లేచి వరండాలోకి వచ్చారు. రెండు పక్షాలవారూ వచ్చారు. బాలన్న వచ్చాడు. మూడేళ్ల తర్వాత నన్ను దగ్గరగా చూశాడు. నా మీద చెయ్యి వేయబోయి, కానిస్టేబులు వంక చూసి, తీసేశాడు.

ముద్ర విప్పారు. బానెట్ లేవలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఖాసింని రమ్మన్నారు. అతడు గొళ్లెం మీద చుక్కలుగా నూనె పోసి, మెల్లగా తట్టాడు. ఆ కొద్దిసేపూ నేను పడ్డ భయం చెప్పలేను. ఎలుకలు గీకేశాయో, తుప్పు తినేసిందో. నా నుదుటి వెనక ఏం మిగిలిందో నేను చూసుకోలేను కదా.

కీచుమని లేచింది. ఈసారి అందరూ పైకి చూశారు.

పై వరసలు తుప్పులో కలిసిపోయాయి. నడుమ ఎలుకల గీతలున్నాయి. చివరి రెండు వరసలు మిగిలాయి. గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివాడు. పట్టుబడ్డ తేదీయే అక్కడ ఉంది. పంచనామా పదీ పావుకు మొదలైంది. ఇక్కడ ఉదయం తొమ్మిదీ నలభై.

‘వెనక దబ్ శబ్దం. కారణం తెలీదు. బాలన్న డిక్కీ విప్పమన్నాడు. మజ్జానం విప్పాలి.’

నూకరత్నం, వార్డులో రౌండ్లకు వచ్చిన డాక్టరు పక్కన నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడింది. కాత్యాయని ఆ రెండో మాట దగ్గరే ఆగిపోయిందని నాకనిపించింది. కారణం తెలీదు. తెలియకపోవడం ఎక్కడుంటుందని అడిగింది కదా నూకరత్నం. అది ఇన్నాళ్లూ ఆమె అడిగిన చోటికి జానెడు దూరంలోనే, తెల్లరంగుతో రాసి ఉంది.

నెల తర్వాత తీర్పు వచ్చింది. వస్తువు దగ్గర ఉండటం వేరు, ఉందని తెలిసి ఉంచుకోవడం వేరు అన్నారు జడ్జిగారు. తెలిసినవాడు నడచుకునే తీరులో ఈ మనిషి నడచుకోలేదన్నారు. యజమానురాలి జాగ్రత్తకు ఆ రాతే సాక్ష్యమన్నారు. బాలన్నను వదిలేశారు. నన్ను నూకరత్నానికి ఇవ్వమన్నారు. ఆఖరున ఇంకొక వాక్యం చదివారు: ఆచారం ఎంత మంచిదైనా కళ్లు మూసుకోవడానికి అనుమతి కాదు, ఇకపై ఎవరి చక్రమైనా తట్టి చూసుకోవడం మేలు.

బాలన్న ముందుగా నా దగ్గరికే వచ్చాడు. "పద తల్లీ, ఇంటికి," అన్నాడు. తాళం తిప్పాడు. నాలో ఏదీ కదల్లేదు. ఇంకోసారి తిప్పాడు. మూడేళ్లలో నా తీగలు ఎలుకలకు ఊయలలయ్యాయి, నా గొట్టాల్లో తుప్పు చిక్కబడింది. నిర్దోషినని తేలిన రోజునే నేను పనికిరానని తేలింది. అతడు స్టీరింగు మీద తల ఆన్చాడు. పట్టుబడ్డ రోజు కూడా అలా చేయలేదు.

పాత ఇనుము కొట్టుకు నన్ను లాగారు. బానెట్ రేకును మాత్రం నూకరత్నం అమ్మనివ్వలేదు. ఖాసిం షెడ్డు గోడకు మేకులతో కొట్టించింది. ఇప్పుడు ఖాసిం ప్రతి బండికీ లోపల రాస్తాడట, ఎవరూ అడగకుండానే. ఈ చక్రాన్ని, అంటే నన్ను, బాలన్న అడిగి తీసుకున్నాడు. ఇప్పుడతడు కాఫీ రైతుల సంఘం బండి నడుపుతున్నాడు. నేను దాని డిక్కీలో స్టెప్నీని.

మొన్న ఘాట్‌లో ఒక బండి ఆగి ఉంది. పెద్దాయన ఒకడు చెయ్యెత్తాడు. బాలన్న బ్రేకు వేశాడు. వేశాక కాసేపు దిగలేదు. స్టీరింగు మీద అతని వేళ్లు కదులుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. చివరికి దిగాడు. డిక్కీ తెరిచాడు. నన్ను ఇచ్చాడు.

రెండు రోజుల తర్వాత ఆ పెద్దాయన నన్ను తెచ్చాడు. బాలన్న చెయ్యి నా మీదికి లేచింది. గాలిలోనే ఆగింది. దించాడు. మళ్లీ ఎత్తబోయి, పెద్దాయన మొహం చూసి, ఆ చేత్తో తల గోక్కున్నాడు.

పెద్దాయన నన్ను గార్డు రాయికి ఆనించి నిలబెట్టాడు. జేబులోంచి స్పానరు తీశాడు. తానే తట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"విన్నావా తమ్ముడూ?"

"నేను అడగలేదు కదన్నా."

"నువ్వడగవు. అందుకే తట్టాను."

తెచ్చినవాడే తట్టి వినిపించడం ఇప్పుడు ఆ ఘాట్‌లో కొత్త ఆచారం అవుతోందట. ఆ మోత నమ్మకానిదో అనుమానానిదో నేను ఇంకా తేల్చుకోలేదు. మనుషులు ఒకప్పుడు తట్టకపోవడాన్ని నమ్మకమన్నారు. ఇప్పుడు తట్టడాన్ని అంటున్నారు. ఏది నిజమో గాని, మోత మాత్రం టంగుమంది. లోపల గాలి తప్ప ఏమీ లేదు.

ఇద్దరూ నన్ను చెరోవైపు పట్టుకుని డిక్కీ గుంటలో దించారు. ఈసారి బోల్టు బాలన్నే బిగించాడు, చివరి చుట్టు దాకా.